డెన్వర్ నుంచి మోయాబ్ దాకా: మంచులో, హైవే మీద, రాళ్ల దారిలో మా ట్రక్కుల టైర్లు

మార్చిలో డెన్వర్ నుంచి యూటాలోని మోయాబ్‌కి బయల్దేరితే ఒక్క రోజులోనే కాలాలన్నీ తగులుతాయి. ఇంటి దగ్గర పొడి రోడ్డు, కొండలెక్కగానే మంచు, కొండలు దిగాక ఎడారిలో గంటకి 80 మైళ్ల హైవే, ఆఖర్న ఎర్ర రాళ్ల మధ్య మట్టి దారి. మొత్తం సుమారు 350 మైళ్లు. ఈ దారి అందం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను టైర్ల గురించే ఎక్కువ రాస్తాను. మనవాళ్లు ఇక్కడ పికప్ ట్రక్ కొనేటప్పుడు ఇంజిన్, సీట్లు, స్క్రీన్ సైజు అన్నీ నెలల తరబడి చూస్తారు, టైర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం షాపువాడు ఏది చెబితే అది వేయించుకుని వచ్చేస్తారు. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని మంచులో కొండ దిగే మనిషి అలా చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

నాది ఫోర్డ్ ఎఫ్-150, ఫోర్ వీల్ డ్రైవ్, టైరు సైజు 275/65ఆర్18. పాత టైర్లు అరిగిపోవడంతో చలికాలం మొదలవకముందే కొత్తవి వేయించాను. అప్పుడు నన్ను నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఏడాది మొత్తంలో నాకు అన్నిటికంటే భయం వేసే గంట ఏది? ఆఫీసుకి వెళ్లే దారి కాదు, రాళ్ల దారి కూడా కాదు, ఎందుకంటే అక్కడ గంటకి పది మైళ్లలో పోతాం, కావాలంటే ఆగి దిగి చూసుకుంటాం. భయం వేసేది ఐ-70 ఇంటర్‌స్టేట్ హైవే మీద, తొక్కుడు పడి గట్టిపడిన మంచులో, ముందొక పెద్ద సెమీ ట్రక్కు వెనకొక సెమీ ట్రక్కు ఉండగా కిందికి దిగేటప్పుడు. ఆ గంట కోసం టైరు కొనాలి, మిగతా వాటికి సర్దుకోవచ్చు.

అందుకని ముందు చూసింది టైరు పక్క గోడ మీద ఉండే గుర్తు. మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని లోపల మంచు రేకు. 1999లో వచ్చిన గుర్తు ఇది. గట్టిపడిన మంచు మీద ఒక ప్రామాణిక టైరుతో పోల్చి, దానికంటే కనీసం పది శాతం ఎక్కువ పట్టు చూపిస్తేనే ఇస్తారు. ఎం ప్లస్ ఎస్ అని ఇంకో ముద్ర ఉంటుంది, మడ్ అండ్ స్నో అని. దానికి ఏ పరీక్షా లేదు, ట్రెడ్‌లో, అంటే రోడ్డుకి ఆనే భాగంలో, గాడులు ఇంత శాతం ఉంటే చాలు, కంపెనీ వేసేసుకోవచ్చు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది ఉన్నారు. కొండ గుర్తున్నంత మాత్రాన నిశ్చింత అనీ అనను, ఆ పరీక్ష బండి ముందుకి లాగే పట్టునే కొలుస్తుంది, బ్రేకు పట్టునీ, గాజులా గడ్డకట్టిన ఐసు మీద పట్టునీ కొలవదు. అయినా ఏమీ లేనిదానికంటే చాలా నయం.

తర్వాత ఆలోచించింది బరువు. నా సైజులోనే రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి మామూలు 116టీ (116 ఎంత బరువు మోస్తుందో, టీ ఎంత వేగం దాకా పనికొస్తుందో చెప్పే గుర్తులు), రెండోది ఎల్‌టీ, అంటే లైట్ ట్రక్ టైరు, లోడ్ రేంజ్ ఈ, అంటే ఎక్కువ గాలి, ఎక్కువ బరువు తట్టుకునే రకం, దాని మీద 123/120 అని ఉంటుంది. ఎల్‌టీ టైరు గోడ మందం, ట్రైలర్ లాగేవాళ్లకీ వెనక బరువులు వేసుకునేవాళ్లకీ అదే కావాలి, కోసుకుపోయే రాళ్లని కూడా బాగా తట్టుకుంటుంది. కానీ ఒక్కో టైరు నాలుగైదు కిలోలు ఎక్కువ బరువుంటుంది, గుంటల్లో బండి ఎగిరెగిరి పడుతుంది, పెట్రోల్ కూడా ఎక్కువ తాగుతుంది, పైగా అదే బరువు మోయడానికి మామూలు టైరు కంటే ఎక్కువ గాలి పెట్టాలి. నేను ట్రైలర్ లాగను. అందుకే 116టీలో, కొండ గుర్తున్న ఆల్ టెర్రైన్ టైర్లు, అంటే తారు రోడ్డుకీ మట్టి దారికీ రెండిటికీ పనికొచ్చేవి, తీసుకున్నాను. ఫాల్కెన్ వైల్డ్‌పీక్, టోయో ఓపెన్ కంట్రీ లాంటి రకాల్లో ఇవి దొరుకుతాయి. షాపులో బిగించేముందు పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూశాను, మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడున్న రబ్బరుకి కొత్త టైరు ధర ఇవ్వడం దేనికి?

ఇక ప్రయాణం. మా తోడల్లుడు డాలస్ నుంచి తన ట్రక్కులో కుటుంబంతో వచ్చాడు. అతని బండి చూసి మా పిల్లలు చప్పట్లు కొట్టారు, అంత ఎత్తు, అంత లావు మడ్ టెర్రైన్ టైర్లు. ఎల్‌టీ, లోడ్ రేంజ్ ఈ. బురదలో, పొలం గట్ల మీద ఆ టైర్లకి తిరుగులేదు, టెక్సాస్‌లో అతని పనికి సరిగ్గా సరిపోతాయి. "అన్నయ్యా, ఈ టైర్లు ఉండగా మంచు మనల్ని ఏం చేస్తుంది?" అన్నాడు. నేనేమీ వాదించలేదు, మెల్లగా నా వెనకే రమ్మన్నాను.

బయల్దేరే రోజు తెల్లవారుజామున చలి ఫారెన్‌హీట్‌లో 18 డిగ్రీలు. బండి కదలకముందే రెండు బండ్ల గాలీ కొలిచాను. ప్రతి పది డిగ్రీల ఫారెన్‌హీట్ చలికి టైరులో గాలి సుమారు ఒక పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది, కాబట్టి మధ్యాహ్నం ఎండలో పట్టించిన గాలి తెల్లారేసరికి అంతే ఉండదు. తలుపు చట్రం మీద స్టిక్కర్‌లో 35 అని ఉంటే నా టైర్లలో 31 ఉంది. టైరు గోడ మీద రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, మనం పట్టాల్సింది స్టిక్కర్ మీది అంకె, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు.

ఐడహో స్ప్రింగ్స్ దాటేదాకా రోడ్డు నల్లగానే ఉంది. జార్జ్‌టౌన్ దగ్గర మంచు మొదలైంది. ఎలక్ట్రానిక్ బోర్డు మీద ట్రాక్షన్ లా, అంటే మంచు రోడ్డు మీద బండికి తగిన టైర్లు ఉండాలనే కొలరాడో చట్టం, అమల్లో ఉందని వెలిగింది. ఐ-70 మీద మోరిసన్ నుంచి డాట్సెరో వరకు సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా ఈ నిబంధన ఉంటుంది, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి కూడా ట్రెడ్ లోతు కనీసం 3/16 అంగుళం, అంటే దాదాపు అయిదు మిల్లీమీటర్లు ఉండాలి. లేకపోతే 130 డాలర్ల పైన జరిమానా, మన బండి జారి దారికడ్డంగా నిలబడితే 650 పైన. మా తోడల్లుడి టైర్ల లోతు దీనికి రెట్టింపు ఉంది, చట్టం ప్రకారం అతను అన్ని విధాలా సరే.

ఐసెన్‌హోవర్ టన్నెల్ 11 వేల అడుగుల ఎత్తులో ఉంటుంది, 1.7 మైళ్ల పొడవు. లోపల పొడిగా, వెచ్చగా ఉంటుంది, అందుకే బయటికొచ్చే క్షణం ప్రమాదం. అవతల సిల్వర్‌థార్న్ వరకు బాగా నిటారుగా దిగుడు, బ్రేకులు ఫెయిలైన లారీల కోసం పక్కన కంకర దారులు కూడా కట్టారు. టన్నెల్ లోపలే గేరు తగ్గించి ఇంజిన్ పట్టుతో దిగాను, బ్రేకు మీద కాలు దాదాపు పెట్టలేదు. నా టైర్ల పట్టు స్టీరింగ్‌లోనే తెలిసింది, తిప్పితే తిరుగుతోంది, అంతకంటే ఏం కావాలి.

వెయిల్ పాస్ దిగేటప్పుడు మాత్రం గుండె ఆగినంత పనైంది. ముందు సెమీ ట్రక్కు వెనక ఎర్ర లైట్లు వెలిగాయి, నేను మెల్లగా ఆగాను, అద్దంలో చూస్తే మా తోడల్లుడి బండి ఆగడం లేదు. బ్రేకు వేశాడు, ఏబీఎస్ కొట్టుకుంటోంది, బండి మాత్రం ఏటవాలుగా మంచు గట్టు వైపు జరిగిపోతోంది. గట్టుని రాసుకుని నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు, బంపర్ మీద చిన్న గీత పడిందంతే. వెయిల్ ఊళ్లో ఎగ్జిట్ తీసుకుని పెట్రోల్ బంకులో ఆపాం. మా మరదలు బండి దిగి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అక్కడ రెండు బండ్లనీ పక్కపక్కన పెట్టి, వంగి టైర్లు చూశాం. నా టైరు ట్రెడ్ దిమ్మల మీద బ్లేడుతో గీసినట్టు వంకరటింకర గీతలు ఉన్నాయి, సైప్స్ అంటారు వాటిని. ప్రతి గీతలోనూ మంచు నూరినట్టు కూరుకుని ఉంది. మంచుకి మంచు అతుక్కుంటుంది, టైరులో కూరుకున్న మంచు రోడ్డు మీది మంచుని పట్టుకుంటుంది, సగం గ్రిప్పు అదే. అతని టైరు దిమ్మలు అరచేయంత వెడల్పు, నున్నగా ఉన్నాయి, గీతలు దాదాపు లేవు, మధ్య గాడుల్లో మంచు ముద్దలుగా ఊడిపోతోంది. చేత్తో నొక్కి చూడమన్నాను. నా దిమ్మ కొంచెం వంగింది, అతనిది చెక్కలా బిగుసుకుపోయి ఉంది. చలికి రబ్బరు గట్టిపడితే ఎంత పెద్ద దిమ్మ అయినా గట్టి మంచు మీద జారుతుంది. లోతైన మెత్తటి మంచులో అయితే ఆ టైర్లు తవ్వుకుంటూ పోతాయి, అది నిజమే, కానీ హైవే మీద ఉండేది ఆ మంచు కాదు. ఫోర్ వీల్ డ్రైవ్ ముందుకి లాగడానికే పనికొస్తుంది, ఆపడం దగ్గరికొస్తే అన్ని బండ్లకీ నాలుగు చక్రాల బ్రేకులే, ఇక్కడ తేడా అంతా టైరులోనే.

అతన్ని నిందించడానికి ఇదంతా చెప్పడం లేదు. డాలస్‌లో అమ్మేవాడు పర్వతాల్లో తిరుగులేదని చెప్పి అంటగట్టాడట. చూడ్డానికి భీకరంగా ఉన్న టైరు మంచులో గట్టిదని నమ్మించడం అన్యాయం, ప్రాణాలతో చెలగాటం. నాకు బాగా కోపం వచ్చింది.

అక్కణ్ణించి మా తోడల్లుడు ముందు బండికి వదిలే దూరం మూడింతలు చేసి నడిపాడు. గ్లెన్‌వుడ్ క్యాన్యన్‌లోకి వచ్చేసరికి మంచు తడిగా మారింది, గ్రాండ్ జంక్షన్‌లో ఎండ కాసింది. యూటాలో 80 మైళ్ల వేగం మీద అతని బండిలో టైర్ల హోరుకి ఫోన్‌లో మాట కూడా వినిపించలేదు. నా ఆల్ టెర్రైన్ కూడా హైవే టైరంత నిశ్శబ్దం కాదు, సన్నటి ఊళ ఉంటుంది, మైలేజీ కూడా పాత టైర్లకంటే కొంచెం తగ్గింది. సిస్కో దగ్గర ఐ-70 వదిలి హైవే 128 పట్టుకుంటే కొలరాడో నది పక్కనే ఎర్రటి గోడల మధ్య మోయాబ్ చేరతాం, ఆ దారిలో మాత్రం ఎవరికీ టైర్లు గుర్తు రాలేదు.

మర్నాడు షేఫర్ ట్రయిల్. క్యాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్కులో ఐలండ్ ఇన్ ద స్కై నుంచి దాదాపు 1,500 అడుగులు కొండ గోడ వెంట మెలికలు తిరుగుతూ దిగే మట్టి దారి. ఒకప్పుడు పశువుల్ని తోలుకెళ్లిన బాట, 1950ల్లో యురేనియం తవ్వకాల రోజుల్లో లారీల కోసం వెడల్పు చేశారు. మంచు, ఐసు ఉంటే అందులోకి దిగకూడదు, అందుకే విజిటర్ సెంటర్‌లో అడిగి, ఎండిందని రూఢి చేసుకున్నాకే వెళ్లాం.

పైన ఆపి టైర్ల గాలి తీశాం. నేను 35 నుంచి 24కి దించాను. గాలి తగ్గితే టైరు కొంచెం పరుచుకుని నేలకి ఎక్కువ మేర ఆనుతుంది, రాళ్లని మింగుతూ పోతుంది, దారంతా అలలు అలలుగా ఉన్నచోట పళ్లు కొట్టుకోవడం ఆగుతుంది. దీనికి ఒక జాగ్రత్త కావాలి, గాలి తగ్గినప్పుడు గోడ బయటికి ఉబ్బుతుంది కాబట్టి రాయి అంచు పక్కనుంచి రాసుకోకుండా చూసుకోవాలి, రాయి ఎక్కితే ట్రెడ్ మీదే ఎక్కాలి. కింద పొటాష్ రోడ్డు మీద రాతి మెట్లు తగిలినచోట మా తోడల్లుడి టైర్లు నిజంగా రాజాలా పోయాయి. నేను ప్రతి మెట్టు దగ్గరా మెల్లగా, ఎక్కడ చక్రం పెట్టాలో చూసుకుంటూ వెళ్లాను. సాయంత్రం చూస్తే నా కుడి వెనక టైరు దిమ్మ మూల ఒకటి చిట్లి ఉంది, గోడకి ఏమీ కాలేదు. స్టెప్నీ మిగతా నాలుగింటి సైజుదే తెచ్చుకున్నాను కాబట్టి టెన్షన్ లేదు, ఆ దారిలో ఫోన్ సిగ్నల్ ఉండదు మరి. వారం వారం అలాంటి దారుల్లో తిరిగేవాడినైతే నేనూ ఎల్‌టీయే వేయించేవాణ్ణి.

తారు రోడ్డు ఎక్కేముందు బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్‌తో నాలుగు టైర్లకీ తిరిగి గాలి కొట్టాం. తక్కువ గాలితో హైవే వేగం పట్టుకుంటే టైరు గోడ వంగి వంగి వేడెక్కి పగులుతుంది. తొందరలో ఈ పని ఎగ్గొట్టేవాళ్లని ఆ రోజు కూడా చూశాం.

వెనక్కి వచ్చేటప్పుడు దారంతా పొడిగానే ఉంది. డాలస్ చేరాక మా తోడల్లుడు ఫోన్ చేసి, ఆ టైర్లు అమ్మేస్తున్నాను, ఏం అడగాలో చెప్పు అన్నయ్యా అన్నాడు. అతను పడవ ట్రైలర్ లాగుతాడు కాబట్టి ఎల్‌టీయే తీసుకోమన్నాను, కానీ ఆల్ టెర్రైన్‌లో కొండ గుర్తున్నది, గాలి ఎంత పెట్టాలో లోడ్ పట్టిక చూసి రాసిమ్మని షాపువాణ్ణి అడగమన్నాను. డిసెంబర్‌లో సిల్వర్‌టన్ వెళ్దామంటున్నాడు. యూఎస్ 550 మీద రెడ్ మౌంటెన్ పాస్, 11 వేల అడుగులు, మంచుని లోయలోకి తోయడానికి వీలుగా చాలా చోట్ల రోడ్డంచున రెయిలింగే ఉండదు. ఆ దారికి, ఆ నెలలో, ఆల్ టెర్రైన్ కూడా చాలదని నా ఉద్దేశం. బ్లిజాక్ లాంటి అసలైన వింటర్ టైర్లు కావాలి, చలి నెలలు దాటగానే తీసి దాచుకునే సెట్టు. రిమ్ములతో కలిపి ఎంతవుతుందో ఇప్పుడే కనుక్కుంటున్నాను, అందరం నా బండిలోనే వెళ్దామని అతనికి చెప్పాను.