ఇంజన్ డ్యాంపర్ బిగించేటప్పుడు

ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో ఎక్కువగా ఇంజన్ అడ్డంగా ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊపును పట్టేదే డ్యాంపర్, అంటే రాడ్ లోపలికీ బయటికీ జరిగే చిన్న షాక్ అబ్జార్బర్ లాంటిది. ఇంజన్‌ని మోసే మౌంట్ రబ్బరు చీలి ఉంటే ముందు అది మార్చండి. డ్యాంపర్ ఇంజన్ బరువు మోయదు.

ఇంజన్ చల్లారాకే పని మొదలుపెట్టాలి. ఒక బ్రాకెట్ ఇంజన్‌కి, ఇంకోటి స్ట్రట్ టవర్ (ముందు సస్పెన్షన్ పైకొస బిగించే బాడీ భాగం) వైపు. మౌంట్ బోల్టు తీయాల్సి వస్తే ముందుగా సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద చెక్కముక్క పెట్టి జాక్ ఆనించండి. బోల్టులన్నీ చేత్తో ఎక్కించి, రాడ్ సగం బయటికి ఉండేలా పొడవు సర్దాకే టార్క్ రెంచ్ (బిగింపు కొలిచి బిగించే పానా) పట్టాలి. రాడ్ పూర్తిగా లోపలికి పోయి ఉంటే ప్రతి కుదుపూ నేరుగా బాడీకి కొడుతుంది. రెండు కొసలూ ఒకే వరుసలో లేకపోతే రాడ్ పక్కకి ఒరుసుకుని సీల్ కారుతుంది. బానెట్ మెల్లగా దించి ఎక్కడైనా తగులుతుందేమో చూడండి.

డ్యాంపర్ గట్టిదనం మార్చే సెట్టింగ్ ఉంటే, అది అన్నిటికన్నా మెత్తగా ఉన్న చోటి నుంచి ఒక్కో క్లిక్ పెంచండి. రెండో గేర్లో యాక్సిలరేటర్ వదిలి తొక్కితే కుదుపు తగ్గాలి. ఏసీ వేసి ఐడిల్‌లో ఉంచినప్పుడు స్టీరింగ్, లోపలి అద్దం వణికితే ఒక క్లిక్ వెనక్కి తిప్పండి. కొంత వణుకు ఎలాగూ మిగులుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బ్రాకెట్ బోల్టులు మళ్లీ చూసుకోవాలి.