మేడమ్ కొట్టేసిన మొదటి వాక్యం

"పసితనంలోనే పోలియో సోకినా, విధిని ఎదిరించి నిలిచిన..." అని మొదలుపెట్టాను. నేను చదివిన సన్మాన పత్రాలన్నీ ఇంచుమించు అలాగే మొదలయ్యాయి మరి. మేడమ్ ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని, కుర్చీకి బ్రేకు వేసి, పెన్ను తీసి ఆ వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీశారు.

"ఈ అవార్డు నా పనికా, నా కాళ్లకా?"

"చదివేవాళ్లను కాస్త కదిలిస్తుందని, మేడమ్..."

"వాళ్లు కదలక్కర్లేదమ్మా. చదివితే చాలు."

వైకల్యం ఉన్నవాళ్లు తమ పనులు తాము చేసుకునేలా తోడ్పడే పునరావాస పరిశోధనకు ఇచ్చే ఒక అవార్డుకి ఆవిడ పేరు పంపమని మా విభాగం ఆ పని నాకు అప్పగించింది. ఆక్యుపేషనల్ థెరపీలో, అంటే రోజువారీ పనులు మళ్లీ చేసుకోగలిగేలా చేసే చికిత్సలో, ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాను కాబట్టి ఒక పూటలో అయిపోతుందనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

ఆ రోజే మేడమ్ స్టెల్లా యంగ్ సంగతి చెప్పారు. ఆస్ట్రేలియా జర్నలిస్టు, ఆవిడదీ చక్రాల కుర్చీయే. తనకు పదిహేనేళ్లప్పుడు ఊళ్లోవాళ్లొకరు తల్లిదండ్రుల దగ్గరికి వచ్చి, సాధించినవారికి ఇచ్చే అవార్డుకి మీ అమ్మాయి పేరు పంపుతామన్నారట. తల్లిదండ్రులు సంతోషిస్తూనే, "కానీ మా అమ్మాయి ఇంకా ఏమీ సాధించలేదే" అన్నారట. 2014లో ఒక ప్రసంగంలో స్టెల్లాయే చెప్పిన ముచ్చట ఇది. మేడమ్ నవ్వుతూ చెప్పారు గానీ నా చెవులు మాత్రం వేడెక్కాయి.

రెండో చిత్తుప్రతిలో అంకెలు నింపాను. పేపర్లెన్ని, వాటిని ఉటంకించినవాళ్లెందరు, గ్రాంట్లెన్ని. ఈసారి గీత పడలేదు, ఆవలింత వచ్చింది. "ఇదంతా కంప్యూటరే చెబుతుంది. నువ్వేం చూశావో రాయి."

నేను చూసింది ఒక స్ప్లింట్. పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయినవాళ్లకు, ఆ చెయ్యి వంకరపోకుండా పట్టి ఉంచడానికి ఇచ్చే ప్లాస్టిక్ తొడుగు. మేం కొలతలు తీసి, వేడినీళ్లలో మెత్తబరిచి, చేతికి అచ్చుగుద్దినట్టు చేసి ఇచ్చేవాళ్లం. తర్వాత ఇళ్లకు వెళ్లి చూస్తే బీరువాలో ఉండేది. మా ఫైళ్లలో దానికి రాసుకున్న కారణం "రోగి సహకరించలేదు". మేడమ్‌కు ఆ మాటంటే ఒళ్లుమంట. ఫిలిప్స్, జావో అనే ఇద్దరు 1993లోనే ఈ సంగతి తేల్చారని మాకు పదేపదే గుర్తుచేసేవారు. వాళ్లు 227 మందిని అడిగితే, తీసుకున్న సాధనాల్లో 29.3 శాతం మూలపడ్డాయని బయటపడింది. దానికి ముఖ్య కారణాల్లో ఒకటి, ఎంపిక చేసేటప్పుడు వాడబోయే మనిషిని అడగకపోవడం.

మేడమ్ అడిగారు. దర్జీ పని చేసిన ఒకాయన స్ప్లింట్‌ను బల్ల మీద పెట్టి, "ఈ పట్టీ బిగించాలంటే రెండు చేతులు కావాలమ్మా. రెండు చేతులుంటే నాకిది ఎందుకు?" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. అన్నేళ్లు పట్టీలు కుట్టి ఇచ్చినదాన్ని, ఒక్కసారీ ఒంటి చేత్తో బిగించి చూడలేదు. వెల్క్రోను ఒక ఇనుప రింగులోంచి దూర్చి వెనక్కి లాగేలా, పట్టీ కొస పళ్లకు అందేలా కాస్త పొడవుగా ఉంచమని ఆయనే చెప్పాడు. తర్వాత వచ్చిన పేపర్‌లో రచయితల వరుసలో ఆయన పేరు కూడా ఉంది. కృతజ్ఞతల కింద ఎక్కడో చివర్లో కాదు, వరుసలోనే. అందుకోసం మేడమ్ సంపాదకులతో నాలుగు నెలలు ఉత్తరాలు నడిపారు.

మూడో ప్రతిలో ఇదే రాశాను. అయితే ఫారంలో "పరిశోధకుని పేరు" అని ఒకే ఒక్క గడి. ఈ రంగంలో ఈ ఒక్క గడి గొడవ పాతదే. జైపూర్ కాలు అనే కృత్రిమ పాదానికి 1981లో మెగసెసే అవార్డు వస్తే డాక్టర్ పి.కె. సేఠీ పేరున వచ్చింది. సేఠీ గొప్పతనంలో నాకే సందేహమూ లేదు. కానీ ఆ కాలికి రూపు తెచ్చిన చేతిపనివాడు రామచంద్ర శర్మ పేరు ఎంతమందికి తెలుసు?

అవార్డులంటే నాకేం చిరాకు లేదు. అమెరికాలో మా వృత్తివాళ్లకు ఇచ్చే ఎలినార్ క్లార్క్ స్లేగిల్ గౌరవం పద్ధతి నాకిష్టం. ఎంపికైనవాళ్లు సభలో ఒక ప్రసంగం తయారుచేసి ఇవ్వాలి. సన్మానమూ అదే, హోంవర్కూ అదే! 1961లో మేరీ రైలీ ఇచ్చిన ప్రసంగం మేం పరీక్షకు చదువుకున్నాం. మనిషి తన చేతులతో చేసే పనితోనే తన ఆరోగ్యాన్ని మార్చుకోగలడని అందులో ఆవిడ వాదన. జ్ఞాపిక అల్మారాలోనే ఉండిపోతుంది, ప్రసంగం మాత్రం నాలాంటివాళ్ల పరీక్ష దాకా వచ్చింది.

మేడమ్‌కు అవార్డు వచ్చింది. ప్రత్యేక ఏర్పాట్లేమైనా కావాలా అని నిర్వాహకులు అడిగితే, "వేదికకు ర్యాంపు, వాలు 1:12కి మించకుండా" అని ఒక్క ముక్క రాసి పంపారు. అంటే అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు. "కుర్చీని ఎత్తడానికి నలుగురు వాలంటీర్లను పెడుతున్నాం" అని జవాబు. పునరావాస పరిశోధకుల సభ అది!

మేడమ్ ఎత్తనివ్వలేదు. అధ్యక్షులవారే మెట్లు దిగి వచ్చారు. ఆయన వెనకే శాలువా, ఫొటోగ్రాఫర్లు. మైకు వైరు మాత్రం కిందిదాకా అందలేదు. మేడమ్ మైకు లేకుండానే మాట్లాడారు. మైకులోని మాటను నేరుగా వినికిడి యంత్రాలకు చేరవేసే లూప్ అనే తీగ హాల్లో అమర్చారు, అది ఆ మైకుకే కలిపి ఉంది, అంచేత వినికిడి యంత్రం పెట్టుకుని కూర్చున్న మా సహోద్యోగికి ఒక్క ముక్కా వినపడలేదు. సభయ్యాక నేను రాసిచ్చిన కాగితం చూసి, "ఇంత మంచి ప్రసంగమా, అయ్యో" అన్నాడు.

రెండేళ్లకు అదే కమిటీలోకి నన్ను పిలిచారు. అడిగి అడిగి ఫారంలో ఒక ప్రశ్న చేర్పించాను: "ఈ పరిశోధనలో వైకల్యం ఉన్నవారు ఏ నిర్ణయాలు తీసుకున్నారు? వారి పేర్లు రాయండి." ఐదు గీతల జాగా ఇచ్చాం. మొదటి ఏడాది వచ్చినవాటిలో కొన్ని ఆ జాగా ఖాళీగా వదిలేశాయి. ఒకరైతే "వర్తించదు" అని రాశారు. ఆ ఫారం మేడమ్‌కు చూపించలేదు.