సూది ఎక్కడ గుచ్చాలో కూడా సర్జనే చెప్పాలి

తొడలో గడ్డ ఉందే గానీ నొప్పి లేదు. కండలోపల గట్టిగా, నొక్కినా కదలకుండా ఉండేది. ప్యాంటు ఒకవైపే బిగుతవుతుంటే డాక్టరుకు చూపించాను. మొదట చూసినాయన "కొవ్వు గడ్డే, చిన్న కోత పెట్టి తీసేద్దాం" అన్నారు. ఎందుకైనా మంచిదని ఇంకొకరికి చూపిస్తే, 5 సెంటీమీటర్లు దాటినా, లోతుగా ఉండి పెరుగుతున్నా స్కాన్ చేయకుండా కత్తి పెట్టకూడదన్నారు. నా కాలు నిలిచింది ఆ మాట వల్లేనని నా నమ్మకం.

ఎంఆర్ఐ అయ్యాక బయాప్సీ, అంటే సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. సర్జన్ ముందే వచ్చి తొడ మీద పెన్నుతో గీత గీశారు. తర్వాత ఆపరేషన్ కోత అక్కడే పడుతుంది, సూదీ ఆ గీత మీదే దిగాలి. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు మిగిలిపోవచ్చు కాబట్టి ఆ దారిని కూడా గడ్డతో పాటే కోసి తీసేస్తారు. అడ్డదిడ్డంగా గుచ్చితే అంత మేరా మంచి కండ పోయినట్టే.

రిపోర్టులో సార్కోమా (కండ, కొవ్వు లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్), గ్రేడ్ 3, అంటే ఉధృతంగా పెరిగే రకం అని వచ్చింది. ఇది ఎక్కువగా రక్తం ద్వారా ఊపిరితిత్తులకు పాకుతుందట, అందుకని ఛాతీకి సీటీ తీశారు. అక్కడ ఏమీ లేదు. ఆ రాత్రి నిద్రపట్టింది.

ముందు రేడియేషన్: 25 విడతల్లో 50 గ్రే (రేడియేషన్ డోసు కొలత). ఆపరేషన్ తర్వాతైతే డోసు పెంచాలి, కాలు బిగుసుకుపోయే అవకాశమూ ఎక్కువ. ముందే ఇస్తే ఆపరేషన్ పుండు మానడం కష్టమవుతుంది. రెండూ చెప్పి నన్నే తేల్చుకోమన్నారు. పుండు ఎప్పటికైనా మానుతుంది కదా అనుకున్నాను.

చర్మం కుదుటపడ్డాక ఆపరేషన్. "గడ్డ నా కంటికి కనపడకూడదు, చుట్టూ మంచి కండతో మూసుకునే బయటికి రావాలి" అన్నారు సర్జన్. తొడ ముందు కండరంలో పెద్ద ముక్కే పోయింది. తీసిన దాని అంచులకు సిరా పూసి పరీక్షించారు, అంచుల్లో క్యాన్సర్ లేదు.

పుండు మాత్రం అన్నంత పనీ చేసింది. నీరు కారుతూనే ఉండేది, ఆ నీరు గొట్టం ద్వారా చేరే డ్రెయిన్ సంచి పక్కన పెట్టుకునే పడుకునేవాణ్ణి. ఫిజియోథెరపీతో మోకాలు వంగింది. మెట్లు ఎక్కడం వచ్చేసింది గానీ దిగేటప్పుడు రెయిలింగ్ కావాలి.

ఇప్పుడు మూడు నెలలకోసారి ఛాతీ స్కాన్. రిపోర్టు వచ్చేదాకా టెన్షనే. మొదటి రెండు మూడేళ్లు ఇలాగే ఉంటుందని, తర్వాత గడువు పెంచుతామని అన్నారు.