కన్నీళ్లు రాని మెదక్ యాత్ర

బాప్తిస్మం తీసుకున్న ఎనిమిదో నెలలో నాకు ప్రార్థన రావడం ఆగిపోయింది.

అంతకు ముందు అలా ఉండేది కాదు. ఆరాధనలో కీర్తన ఎత్తుకోగానే కళ్లు నిండేవి. ఆఫీసుకు వెళ్లే బస్సులో నిలబడి కూడా లోలోపల ప్రభువుతో మాట్లాడుకుంటూ ఉండేదాన్ని, దిగాల్సిన స్టాపు దాటిపోయిన రోజులు ఉన్నాయి. అలాంటిది ఒక్కసారిగా అంతా ఎండిపోయింది. తెల్లవారుజామున లేచి మోకాళ్లూనితే గోడ గడియారం చప్పుడు తప్ప మరేమీ వినిపించేది కాదు. ఒక ప్రార్థన కూటంలో ఈ సంగతి చెప్పుకుంటే, "దాచిన పాపం ఏదో ఉంది, అది ఒప్పుకునే దాకా ఇంతే" అన్నారు. నెల రోజులు ఒక నోటు పుస్తకం పెట్టుకుని, చిన్నప్పుడు పక్కింటి జామకాయలు కోసిన సంగతి దగ్గర నుంచి గుర్తున్నవన్నీ రాసి ఒప్పుకున్నాను. పుస్తకం నిండింది గాని నా లోపలి వెలితి అలాగే ఉంది.

ఆ సమయంలోనే మా సంఘం పెద్దలు శ్రమదినాల్లో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలంలో, మెదక్ చర్చికి వెళ్దామన్నారు. పద్నాలుగు మందిమి, ఒక వ్యాను. నేను ఒకే ఒక ఆశతో బయలుదేరాను. అంతటి గుడిలో, అన్ని తరాల ప్రార్థనలు విన్న ఆ రాళ్ల మధ్య, నా కన్నీళ్లు నాకు తిరిగి దొరుకుతాయని.

సికింద్రాబాద్‌లో చీకటితోనే వ్యాను ఎక్కాం. మెదక్ వంద కిలోమీటర్ల లోపే. బాలానగర్ దాటి నర్సాపూర్ దారి పట్టాక తెల్లవారింది. అడవిలో మోదుగ చెట్లు ఆకులన్నీ రాల్చేసి ఎర్రగా పూసి ఉన్నాయి. నా పక్క సీటులో టీచరమ్మగారు కూర్చున్నారు. ఆమె ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి రిటైరయ్యారు. సంఘంలో కొత్తగా వచ్చినవాళ్లందరినీ ఒక కంట కనిపెట్టి ఉండే మనిషి.

"వాక్యం ఎంతవరకు చదివావమ్మా?" అని అడిగారు.

ఆదికాండం నుంచి మొదలుపెట్టి లేవీయకాండం దగ్గర ఆగిపోయానని చెప్పాను. రెండు నెలలుగా ఆ పేజీలోనే రిబ్బను ఉంది. బలుల వివరాలు చదువుతుంటే ఏమీ అర్థం కాక, అర్థం కానందుకు భయపడుతూ, పుస్తకం తెరవడమే మానేశాను.

ఆమె నా చేతిలోని బైబిలు తీసుకుని రిబ్బనును మార్కు సువార్తలోకి మార్చారు. "పదహారు అధ్యాయాలే. రోజుకు ఒకటి. ఆయన ఎవరిని ముట్టుకున్నాడో, ఎవరింట్లో తిన్నాడో, ఎవరి మీద కోపపడ్డాడో చూడు. ముందు ఆయన పరిచయం కావాలి కదా. లేవీయకాండం ఎక్కడికీ పోదు, మెల్లగా చదువుకోవచ్చు. ఇంకో మాట, చదివినదాంట్లో ఒక్క వాక్యమైనా ఆ రోజు చేయడానికి చూడు. చేయకుండా చదువుకుంటూ పోతే, నిజం చెబుతున్నాను, బరువే మిగులుతుంది."

ఇంత చిన్న సంగతి బాప్తిస్మానికి ముందు పాఠాల్లో నాకు ఎవరూ చెప్పలేదు. కొత్తగా వచ్చినవాళ్లను చేర్చుకునేటప్పుడు ఉన్న ఉత్సాహం, ఆ తరువాత వాళ్లు ఏ పేజీలో చిక్కుకుపోయారో చూడడంలో కూడా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

కొంతసేపయ్యాక ఆమె మరో ప్రశ్న అడిగారు. "మీ అమ్మతో మాట్లాడుతున్నావా?"

నేను కిటికీ వైపు తిరిగాను. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు అమ్మ పూజ దగ్గర నుంచి లేచి వచ్చి నా పళ్లెంలో పరమాన్నం వడ్డించబోయింది. నేను పళ్లెం వెనక్కి లాక్కుని, అప్పటి నా వేడిలో అనరాని మాటలు అన్నాను. ఆమె చేసే పూజ గురించీ, ఆమె దేవుళ్ల గురించీ. అమ్మ ఏమీ అనలేదు. గరిటెలో ఉన్నది తిరిగి గిన్నెలో వేసి లోపలికి వెళ్లింది. ఆ తరువాత ఫోనులో పొడి మాటలే. సంఘంలో ఆ సంగతిని సాక్ష్యంగా చెబితే కొందరు చప్పట్లు కొట్టారు కూడా.

టీచరమ్మగారు చప్పట్లు కొట్టలేదని అప్పుడే గమనించాను, మరచిపోయాను. ఇప్పుడు వ్యానులో అన్నారు: "నీకు తినడానికి మనసొప్పకపోతే తినవద్దు. అది నీ మనస్సాక్షికి సంబంధించిన సంగతి, దాన్ని ఎవరూ కాదనరు. కానీ 'వద్దమ్మా' అనడానికీ నువ్వు అన్నదానికీ చాలా దూరం ఉంది తల్లీ. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞలో వాళ్లది ఏ మతమని లేదు. నేను కూడా నీలాగే వచ్చినదాన్ని. మా నాన్న చనిపోయే ముందు రెండేళ్లు నాతో మాట్లాడలేదు. తప్పు ఆయనది అనుకుంటూ గడిపాను. ఆ రెండేళ్లు ఇప్పుడు ఎవరు తెచ్చిస్తారు?"

ఆమె గొంతు మారలేదు. చేతిలోని రుమాలును మాత్రం మడతలు పెడుతూ, విప్పుతూ ఉన్నారు.

మెదక్ ఇంకా కొంత దూరం ఉండగానే గోపురం కనబడింది. 175 అడుగుల ఎత్తు. వ్యానులో అందరూ ఒక్కసారిగా కీర్తన ఎత్తుకున్నారు. నేను పెదవులు కదిపాను.

ఆవరణలో దిగగానే మా సంఘంలోని తాతగారు నన్ను పక్కకు పిలిచారు. రైల్వేలో పనిచేసిన పెద్దమనిషి, డెబ్బై ఎనిమిదేళ్లు. ఆయన వేళ్లతో బయటి గోడ రాయిని తడిమి, "మా అమ్మమ్మ ఇక్కడ గంప మోసింది" అన్నారు.

ఈ గుడిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ మెథడిస్టు మిషనరీ. 1914లో మొదలైన పని పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు కాలంలో చుట్టుపక్కల ఊళ్ల జనానికి పని కల్పించి తిండి పెట్టడం కోసం ఈ నిర్మాణం సాగించారు. ఇవన్నీ పుస్తకాల్లో దొరికే సంగతులే. తాతగారి ఇంట్లో మాత్రం అవి ఆకలి కథలుగా మిగిలాయి. వాళ్ల అమ్మమ్మ అప్పటికి పదిహేనేళ్ల పిల్ల. యేసు పేరు విని కాదు, గింజల కోసం వచ్చింది. రోజంతా కంకర మోసి, కొంగున కూలి గింజలు మూట కట్టుకుని ఇంటికి పోయేది. "దేవుడు ఎవరని అడగడానికి ఆమెకు నాలుగేళ్లు పట్టిందట. ముందు ఆకలి తీరింది. అడగడం ఆ తరువాత. ఆమె విశ్వాసం తక్కువదని ఎవరైనా అనగలరా?" అన్నారు తాతగారు.

లోపలికి వెళ్లాం. ఆ ఎత్తు, ఆ చల్లదనం, కాళ్ల కింద రంగుల పలకల నేల. బలిపీఠం వెనుక ప్రభువు ఆరోహణం, అంటే ఆయన పరలోకానికి ఎక్కిపోయే దృశ్యం, రంగుటద్దాల్లో ఉంది. మిగిలిన రెండు కిటికీల్లో జననం, సిలువ. మూడింటినీ బ్రిటిష్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించారు. ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమర్చారు. తాతగారు సిలువ కిటికీ ముందు నిలబడి, తాను పిల్లవాడిగా మొదటిసారి వచ్చినప్పుడు ఆ చిత్రం అక్కడ లేదన్నారు. నేను లెక్క వేసుకున్నాను. ప్రతిష్ఠ జరిగాక మూడు చిత్రాలూ పూర్తి కావడానికి ముప్పై నాలుగేళ్లు.

ఆకాశం మబ్బుగా ఉండడంతో ఆ పూట అద్దాల్లో వెలుగు లేదు. రంగులు మసకగా, బూడిద పూసినట్టు ఉన్నాయి. నేను ముందు వరుసలో మోకాళ్లూని కళ్లు మూసుకున్నాను. ప్రభువా, ఇంత దూరం వచ్చాను, ఒక్క మాట, ఒక్క కన్నీటి చుక్క. ఏమీ రాలేదు. నాకు కొంచెం దూరంలో ఒకామె నేలకు నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆమె ఏ ఊరో, ఏ మతమో కూడా తెలియదు. ఇక్కడికి అన్ని మతాల వాళ్లూ వచ్చి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆమెను చూస్తే జాలి కలగవలసింది. నాకు అసూయ కలిగింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గాని, నాలాంటి కొత్తవాళ్లు ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. భుజం మీద చేయి పడింది. "లే. తిందాం" అన్నారు టీచరమ్మగారు.

"ఇంకా ప్రార్థన కాలేదండీ."

"తెలుసు. లే."

బయట చెట్టు నీడలో అందరూ చాపలు పరిచి కూర్చున్నారు. నా చేతిలో పులిహోర పొట్లం పెట్టారు. తినలేనన్నాను. అప్పుడు ఆమె ఏలీయా కథ చెప్పారు. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్నిని రప్పించిన ఆ ప్రవక్త, ఆ తరువాత ప్రాణభయంతో పారిపోయి అరణ్యంలో బదరీవృక్షం కింద కూలబడ్డాడు, చచ్చిపోతే బాగుండునన్నాడు. "అప్పుడు దేవుడు ఏం చేశాడు? విశ్వాసం ఏమైందని నిలదీశాడా? దాచిన పాపం చెప్పమన్నాడా? దూత వచ్చి తట్టి, లేచి తినమన్నాడు. కాల్చిన రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. మాట్లాడడం ఎన్నో రోజుల తరువాత. ఎనిమిది నెలలుగా వారానికి రెండు ఉపవాసాలు, ఆఫీసు పని, అర్ధరాత్రి ప్రార్థనలు. నీ ముఖం చూసుకున్నావా? ముందు తిను."

తిన్నాను. ఆవాలు, ఎండుమిర్చి, కాస్త ఎక్కువైన ఇంగువ. ఎంత ఆకలిగా ఉన్నానో మొదటి ముద్దతో తెలిసింది.

నేను తింటుండగా తాతగారు సంచిలో నుంచి తన పాత బైబిలు తీశారు. అట్ట ఊడిపోతే కుట్టించుకున్నట్టున్నారు. కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన దగ్గర తెరిచి నాకు చూపించారు. ఆ పేజీ అంచుల్లో పెన్సిలుతో గీసిన సన్నని గీతలు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. అలా వరుసలు వరుసలుగా, పేజీ పైభాగం నుంచి కింది దాకా, అక్కడ చోటు చాలక పక్క పేజీలోకి కూడా.

"మీ బామ్మ పోయాక మూడేళ్లు నాకు పాట రాలేదమ్మా" అన్నారు. "ఆదివారం వచ్చేది. స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని వెళ్లి కూర్చునేవాడిని. అందరూ లేస్తే లేచేవాడిని. నోరు మాత్రం తెరవలేకపోయేవాడిని. ఇంటికి వచ్చి ఈ కీర్తన చదివి ఒక గీత గీసేవాడిని. మిగతా ఏడుపు కీర్తనలు చాలావరకు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు. చీకటి మాట దగ్గరే ఆగిపోతుంది. అయినా బైబిల్లో ఉంది చూడు. ఎవరూ తీసేయలేదు."

మళ్లీ పాట ఎప్పుడు వచ్చిందని అడిగాను.

"ఫలానా రోజని చెప్పలేను. ఒక ఆదివారం పక్కన ఉన్న పిల్లవాడికి కీర్తన సంఖ్య దొరకలేదు. వెతికి పెట్టి, వేలితో చరణం చూపిస్తూ ఉన్నాను. చూపిస్తూ చూపిస్తూ పాడుతున్నానని రెండో చరణంలో తెలిసింది." కాసేపు ఆగి, "ఆ మూడేళ్లూ నా తరఫున సంఘం పాడిందమ్మా. అందుకే నీకు ఒక్క మాట చెబుతున్నాను. ప్రార్థన రాకపోతే రాకపోనీ, కూడుకోవడం మానకు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని నన్ను నేను బాగు చేసుకుని వస్తాననుకుంటే, ఆ రోజు రాదు. నా స్నేహితులు ఇద్దరు అలాగే వెళ్లిపోయారు" అన్నారు.

కన్నీళ్లు ఆరిపోతే పాపమే కారణమని నాకు చెప్పిన మాట ఆయనకు చెప్పాను. తాతగారి ముఖం ఎర్రబడింది. ఆయనకు కోపం రావడం నేను అప్పుడే చూశాను. "పాపం ఉంటే పరిశుద్ధాత్మ దాన్ని పేరు పెట్టి చూపిస్తాడు. ఇదీ అని తెలుస్తుంది, ఒప్పుకుంటాం, క్షమాపణ ఉంది. ఏదో ఉంది, ఎక్కడో ఉంది అని మనిషిని చీకట్లో తడుముకునేలా చేసేది ఆయన పని కాదు. ఆ నోటు పుస్తకం చింపి పారేయి."

పేరు పెట్టి చూపిస్తాడన్న మాట దగ్గర నాకు గరిటె గుర్తొచ్చింది. అమ్మ చేతిలోని గరిటె, పరమాన్నం తిరిగి గిన్నెలో పడిన చప్పుడు. నెల రోజులు రాసిన పుస్తకంలో అది మాత్రం లేదు. దాన్ని నేను సాక్ష్యమనుకున్నాను కదా.

మధ్యాహ్నం మళ్లీ లోపలికి వెళ్లినప్పుడు మబ్బు విడిపోయింది. అద్దాల్లోంచి వెలుగు వచ్చి నేల మీద, స్తంభాల మీద పడుతోంది. టీచరమ్మగారి తెల్ల చీర కొంగు నీలంగా, ఆమె చేతి ముడతలు ఎర్రగా కనిపించాయి. మావాళ్లు పాట అందుకున్నారు. నాకు ఏడుపు రాలేదు, పాటా రాలేదు. తాతగారి పక్కన కూర్చుని విన్నాను. ఆయన గొంతు పై స్వరంలో చిట్లిపోతుంటే వెనుక ఉన్న ఆడవాళ్లు దాన్ని అందుకుని ముందుకు తీసుకెళ్తున్నారు.

వ్యాను బయలుదేరే ముందు గేటు దగ్గర నిలబడి అమ్మకు ఫోను చేశాను. మోగుతున్నంతసేపూ ఏమి అనాలో కూడబలుక్కుంటూ ఉన్నాను.

"తిన్నావా?" అంది అమ్మ, ఫోను ఎత్తగానే.

తిన్నానన్నాను. మెదక్ చర్చి దగ్గర ఉన్నానన్నాను. ఆ తరువాత సంక్రాంతి సంగతి ఎత్తి, తప్పు మాటలు అన్నానమ్మా, క్షమించు అన్నాను. అవతల కొంతసేపు ఏమీ వినిపించలేదు. తరువాత ముక్కు చీదిన శబ్దం.

"నేనూ చూశాను ఆ చర్చి" అంది. "ఏడో తరగతిలో బడివాళ్లు తీసుకెళ్లారు. ఆ రంగు అద్దాలు ఇంకా ఉన్నాయా?"

ఉన్నాయన్నాను. పొద్దున మబ్బుగా ఉండి సరిగా కనబడలేదనీ, మధ్యాహ్నం బాగా కనిపించాయనీ చెప్పాను.

"మేము వెళ్లిన రోజున కూడా వానే" అంది అమ్మ.