గవ్వకి ఆ నునుపు ఎలా వచ్చింది?

గవ్వకి ఆ మెరుపు ఎవరో పాలిష్ పెడితే వచ్చింది కాదు. గవ్వంటే ఒక సముద్రపు నత్త గుల్ల. బతికున్నప్పుడు ఆ నత్త తన ఒంటి పొరని రెండు పక్కల నుంచీ పైకి తెచ్చి గుల్లంతా కప్పేసుకుంటుంది. మాంటిల్ అంటారు ఆ పొరని. అదే కొత్త పూత వేస్తూ ఉంటుంది, గుల్ల మీద నాచూ గీచూ పట్టనివ్వదు. చాలా నత్తల గుల్లలు గరుకుగా, దీనిది పింగాణీలా ఉండటానికి కారణం అదే.

నాకు ఇంకా వింతగా అనిపించేది దీని ఎదుగుదల. పిల్ల గవ్వని చూస్తే గుర్తుపట్టలేం, పల్చటి పెంకు, వెడల్పు నోరు, మామూలు నత్తలాగే చుట్టలు. పెద్దదయ్యే వేళకి నోటి అంచు లోపలికి ముడుచుకుని సన్నటి చీలిక అయిపోతుంది, దానికి పళ్ళొస్తాయి, చుట్టలు పూత కింద దాగిపోతాయి, ఆ తర్వాత ఇక పొడవు పెరగదు, గుల్ల మందం మాత్రం పెరుగుతుంది. అష్టాచెమ్మాలో వెల్లకిలా పడితే కనబడే చీలిక ఆ నోరే.

ఒకప్పుడు డబ్బుగా చెల్లిన గవ్వ జాతికి 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన పేరులోనే డబ్బు ఉంది: మోనేటా. డబ్బుగా చెల్లిందంటే చెల్లదా మరి! చిన్నది, గట్టిది, అరగదు, దొంగ గవ్వ తయారుచేయడం ఎవరి తరమూ కాదు. మాల్దీవుల్లో కొబ్బరి మట్టలు నీళ్ళలో వేసి వాటికి పట్టుకున్న గవ్వల్ని ఏరేవాళ్ళు, మాంసం కుళ్ళేదాకా ఇసుకలో పాతిపెట్టి (ఆ వాసన ఊహించుకోండి!) తర్వాత కడిగేవాళ్ళు. బెంగాల్ నుంచి బియ్యం వెళ్ళేది, గవ్వలు వచ్చేవి. 14వ శతాబ్దంలో మాల్దీవుల్లో ఉన్న మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడ బంగారు దీనారుకి నాలుగు లక్షల గవ్వలు అని రాశాడు, అదే ఆఫ్రికాలోని మాలిలో దీనారుకి 1,150 మాత్రమేనట. ఆ తేడా చూస్తే వ్యాపారులు ఓడలకొద్దీ ఎందుకు మోశారో అర్థమవుతుంది. ఆ మోతలో చీకటి కోణమూ ఉంది, పశ్చిమ ఆఫ్రికాలో యూరప్ వర్తకులు ఈ గవ్వలిచ్చి మనుషుల్ని కొన్నారు.

19వ శతాబ్దంలో జర్మన్ వర్తకులు తూర్పు ఆఫ్రికా నుంచి ఇంకో జాతి గవ్వల్ని పశ్చిమ ఆఫ్రికాలో గుట్టలుగా దించేసరికి గవ్వల విలువ కుప్పకూలింది. నకిలీ చేయలేకపోతేనేం, బంధువుని తెచ్చి పోశారు! ఆ జాతి గవ్వ వీపు మీద పసుపు రంగు వలయం ఉంటుంది.