అసైన్‌మెంట్ చేతికొచ్చిన వారమే గ్రంథాలయ పాఠానికి అదను

చాలా విద్యాసంస్థల్లో విద్యార్థులకు గ్రంథాలయ పరిచయం చేరిన మొదటి వారంలోనే ముగిసిపోతుంది. ఏ అలమరా ఎక్కడుందో, పుస్తకం ఎన్నాళ్లు ఉంచుకోవచ్చో చెప్పి, కేటలాగు ఒకసారి తెరిచి చూపి పంపేస్తాం. అప్పటికి వారి దగ్గర వెతకవలసిన ప్రశ్నంటూ ఏదీ ఉండదు కాబట్టి విన్నది మనసున నిలవదు. సమాచార అక్షరాస్యతను, అంటే కావలసిన సమాచారాన్ని వెతికి, బేరీజు వేసి, వాడుకునే నేర్పును, అసైన్‌మెంట్ చేతికొచ్చిన వారంలో, అధ్యాపకులూ లైబ్రేరియన్లూ కలిసి నేర్పాలన్నది ఈ వృత్తిలో ఉన్న నా గట్టి అభిప్రాయం.

సమాచార అక్షరాస్యత అన్న భావనకు 1974లో అమెరికాలో పాల్ జుర్కోవ్‌స్కీ ఆ పేరు పెట్టారు. అక్కడి కళాశాల, పరిశోధన గ్రంథాలయాల సంఘం 2000లో ప్రమాణాల జాబితా ఒకటి ఆమోదించి, 2016లో దాన్ని పక్కనపెట్టి, ఆరు మూల భావనలతో కూడిన చట్రాన్ని స్వీకరించింది. వాటిలో ‘పరిశోధన అంటే ప్రశ్నించడం’ అన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోస్తుంది, ఎందుకంటే విద్యార్థులు తడబడేది వెతకడంలో కన్నా ముందు, ఏం వెతకాలో తేల్చుకోవడంలో.

ఉదాహరణకు, ‘ఫోన్ వాడకం వల్ల విద్యార్థుల నిద్ర ఎలా దెబ్బతింటుంది’ అన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు పరిశోధన వ్యాసాల డేటాబేస్‌లో టైపు చేస్తే సరైన వ్యాసాలు దొరకడం కష్టం. పక్కన కూర్చుని, ఆ వాక్యాన్ని ఫోన్, నిద్ర, విద్యార్థులు అని మూడు ముక్కలు చేయించాలి. ఒక్కో ముక్కకూ పర్యాయపదాలు రాయించి, వాటిని ‘ఆర్’తో (OR, ఏ ఒక్కటి ఉన్నా చాలు), ముక్కలను ‘అండ్’తో (AND, అన్నీ ఉండాలి) కలిపించాలి. పనికొచ్చే వ్యాసం ఒక్కటి దొరికిందంటే దాని సబ్జెక్ట్ హెడింగులు, అంటే డేటాబేస్ ఆ వ్యాసానికి తగిలించిన విషయ పదాలు, వెతకడానికి కొత్త పదాలను అందిస్తాయి, చివరనున్న ఉల్లేఖనాలు పాత పరిశోధన వైపు, దాన్ని ఉదహరించిన వ్యాసాలు కొత్త పరిశోధన వైపు దారి చూపుతాయి. ఈ పనంతా విద్యార్థి తన చేత్తో తానే చేయాలి. మనం చేసి చూపిస్తే అది మన నైపుణ్యంగానే మిగులుతుంది.

దొరికినదాన్ని నమ్మవచ్చా లేదా తేల్చడం మరో విద్య. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ గమనించినదేమంటే, వృత్తిరీత్యా నిజ నిర్ధారణ చేసేవారు తెలియని వెబ్‌సైటులో ఎక్కువసేపు ఆగకుండా, కొత్త ట్యాబులు తెరిచి దాని గురించి ఇతరులేమంటున్నారో చూస్తారు. విద్యార్థులతో పాటు చరిత్రకారులు కూడా ఆ పేజీలోనే ఉండిపోయి, లోగోకూ పేరుకూ మోసపోయిన సందర్భాలున్నాయి. పేరున్న పత్రికలో వచ్చినంత మాత్రాన కూడా సరిపోదు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడి వ్యాసం 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది, 2010లో గానీ ఉపసంహరణ కాలేదు, అంటే పత్రిక దాన్ని వెనక్కి తీసుకోలేదు. కాబట్టి వ్యాసం ఉపసంహరణకు గురైందేమో చూసుకోవడం కూడా పాఠంలో భాగం కావాలి.

ఇప్పుడు చాట్‌బాట్లు అసలు లేని వ్యాసాలకు కూడా రచయిత, పత్రిక, సంవత్సరంతో సహా ఉల్లేఖనాలు అల్లి ఇస్తున్నాయి. చాట్‌బాట్లను నిషేధించడం కన్నా, అలాంటి జాబితాను తరగతికి ఇచ్చి, ప్రతి వ్యాసం నిజంగా ఉందో లేదో కేటలాగులోనూ పత్రిక సంచికలోనూ చూసి రమ్మనడం మేలు.

ఇవన్నీ ఒక్క గంటలో అయ్యే పనులు కావు. అందుకే అధ్యాపకులను నేను కోరేది ఒకటే: అసైన్‌మెంట్‌తో పాటు ఏయే పదాలతో వెతికారో, ఏది ఎందుకు వదిలేశారో రాసిన ఒక పేజీ కూడా అడిగి, దానికీ కొన్ని మార్కులు కేటాయించండి.