తేనెటీగ నాలుక, కమిటీలో నా పరువు

నిన్ననే నా పీహెచ్‌డీ రివ్యూ మీటింగు అయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

తేనెటీగల శరీర భాగాలు చూసి ఏది దేనికి దగ్గరి చుట్టమో తేల్చడం బెంగళూరులో నా పని. ఈగలు పట్టడం సులువు, తులసి పూత దగ్గర వల పట్టుకుని నిలబడితే చాలు. రెక్కల ఈనెలూ తేలికే. మెగాకైలిడే అనే తేనెటీగల కుటుంబానికి సబ్‌మార్జినల్ గదులు (ముందు రెక్క పై అంచు దగ్గర ఈనెల మధ్య గళ్లు) రెండే, ఒక పూటలో అలవాటైపోతుంది.

నాలుక దగ్గరే ప్రాణం మీదికొచ్చింది. ఎండిన ఈగను తడి టిష్యూ వేసిన డబ్బాలో రాత్రంతా ఉంచి, మెత్తబడ్డాక కొస వంచిన సన్న పిన్నుతో నాలుక లాగాలి. తొందరపడితే తలే ఊడొస్తుంది. కొల్లెటిడే కుటుంబంలో ఆడ ఈగ నాలుక పొట్టిగా, కొస రెండుగా చీలి ఉంటుంది. తేనెటీగలకు దగ్గరి బంధువులైన క్రాబ్రోనిడ్ కందిరీగలకూ దాదాపు అంతే. అందుకే కొల్లెటిడేనే అన్నిటికన్నా పాత శాఖ అని చాలాకాలం అనుకున్నారు. నాలుక లక్షణాలతో నేను వేసిన వంశవృక్షంలోనూ అదే వచ్చింది.

ఆ స్లైడు పడగానే కమిటీలో పెద్దాయన, మన గుంటూరు వైపాయనే, అందరి ముందూ తెలుగులో అందుకున్నారు. "ఏమ్మా, డీఎన్‌ఏ వాళ్లు 2006లోనే మెలిటిడే కుటుంబాన్ని వంశవృక్షం మొదట్లో పెట్టారు కదా, ఇంకా ఈ నాలుకల గోలేంటి?" కన్నడ వాళ్లకు మాట అర్థం కాకపోయినా ఆయన నవ్వు అర్థమైంది. అందరూ నవ్వారు. తర్వాతి స్లైడు దాకా ఆగితే ఆయన సొమ్మేం పోయేది?

అందులో ఉన్నది ఇదీ. కొల్లెటిడే ఆడ ఈగ ఆ చీలిన నాలుకను కుంచెలా వాడి గూటి గదుల గోడలకు పూత పూస్తుంది. మగ ఈగకు ఆ పని లేదు. అదే కుటుంబంలోని మెరోగ్లోసా, పాలియోరైజా ప్రజాతుల్లో మగ ఈగల నాలుక మొనదేలి ఉంటుంది. అంటే ఆ చీలిక కందిరీగల నుంచి వచ్చిన ఆస్తి కాకుండా, పూత పని కోసం తర్వాత వచ్చినదై ఉండొచ్చు. డీఎన్‌ఏ చెప్పినదానికి కారణం చూపించేది కూడా నాలుకే! ఇది వివరించాక పెద్దాయన "ఊఁ" అని టీ అందుకున్నారు.

ఈ పనిలోకి దిగేవాళ్లు ఆడ, మగ ఈగల లక్షణాలు విడివిడిగా రాసుకోండి. మ్యూజియం వాళ్లను మగ ఈగలు అడగండి, "ఒకటే ఉంది, ముట్టుకోవద్దు" అంటారు. గుమాస్తాతో వాదించకండి, గైడు సంతకంతో మళ్లీ లెటర్ పెట్టండి.

రిపోర్టులో నాకు "సంతృప్తికరం" అని రాశారు. డీఎన్‌ఏ కోసం ఈగ కాలు తుంచి ట్యూబులో వేయడం తప్ప దాని మొహం కూడా చూడని పక్క ల్యాబ్ సీనియర్‌కి "చాలా బాగుంది" అట.